నూటికి ఒక వంతు

జనవరి 6

బుడ్డిది వెళ్ళిపోయింది. నా జూనియర్. ల్యాబంతా దాన్ని అలాగే పిలుస్తుంది. షాంపూ కంపెనీలో టాక్సికాలజిస్ట్ ఉద్యోగమట, సరుకులో విషమెంతో చూసే పని. చేయి పట్టుకుని పిపెట్ నేర్పింది నేను. వీడ్కోలు కేకు కోసేటప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందీ నేనే. పదకొండేళ్ళుగా కణాలకు విషం పెట్టి, ఎన్ని చచ్చాయో లెక్కపెడుతున్నాను. అది నాలుగేళ్ళకే నురగలోకి దూకేసింది.

రీసెర్చ్ వదిలి సబ్బులమ్ముకోవడమేమిటని గైడుగారితో అన్నాను. ఆయన నా ప్రాజెక్టుకు మార్చి తర్వాత పొడిగింపు రాలేదని చెప్పారు.

జనవరి 19

దాని ఆఫీసు ఫొటో పంపింది. కిటికీ ఉంది. మా ల్యాబ్‌లో ఉన్న ఒక్క కిటికీకీ ఫ్రీజర్ అడ్డం.

ఫిబ్రవరి 2, ఉదయం 11

కంపెనీ సైట్‌లో పెట్టిన తన మొదటి సేఫ్టీ రిపోర్ట్ లింకు పంపి, ఓసారి చూసిపెట్టక్కా అంది. పిల్లల షాంపూ. అది పాడవకుండా కలిపిన ప్రిజర్వేటివ్ నాకు కొట్టిన పిండి, నా థీసిస్ అంతా దాని మీదే. ఒంటికి ఎంత డోసు తగులుతుందో లెక్క వేశాను. దాని అంకెకు సరిగ్గా వంద రెట్లు వచ్చింది. మళ్ళీ వేశాను. వంద రెట్లే.

కడుపు నిండినట్టయింది. పసిపిల్లల సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. వరస అదే కాబట్టి అలాగే రాస్తున్నాను.

సాయంత్రం 6

దానికి చెప్పలేదు. దాని బాసుకు మెయిల్ పెట్టాను. పసిపిల్లల ఆరోగ్యం దృష్ట్యా అని మొదలుపెట్టాను. మా ఆయన చదివి, పిల్లల కోసమేనా, లేక కుళ్ళా అని అడిగాడు. కూరలో ఉప్పెక్కువైంది.

ఫిబ్రవరి 3

పొద్దుటి నుంచి మెయిల్ ఆరుసార్లు తెరిచి చూశాను.

ఫిబ్రవరి 5

బాసు నా మెయిల్ చూపించాడట, బుడ్డిదే ఫోన్ చేసింది. షాంపూ కడిగేస్తారు కదక్కా, అంది. అంతే.

కడిగేశాక ఒంటి మీద నూటికి ఒక వంతే మిగులుతుంది. లెక్కను 0.01తో గుణించాలి. ల్యాబ్‌లో నా కణాలు ఇరవై నాలుగు గంటలూ మందులోనే మునిగి ఉంటాయి. కడగడమనే మాట పదకొండేళ్ళలో నా లెక్కలోకి రాలేదు. తలస్నానం మాత్రం వారానికి రెండుసార్లు చేస్తూనే ఉన్నాను.

రిపోర్ట్ చూడమని అక్కను అడిగింది నేనేనండీ అని బాసుతో చెప్పిందట. ఇంత మొండిగా లెక్కలు చూసే మనిషే మనకు కావాలని ఆయనన్నాడట. ఖాళీ ఉంది, అప్లై చెయ్యక్కా అంది.

తిట్టి ఉంటే బాగుండేది. మంచితనంలో కూడా నన్ను దాటిపోయింది. స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

ఫిబ్రవరి 20

అప్లై చేశాను. మా ఆయనకు చెప్పలేదు.

మార్చి 12

ఇంటర్వ్యూలో అడిగిన లెక్క షాంపూదే. 0.01 పెట్టాను. ఎదురుగా కూర్చున్న బుడ్డిది కాగితంలోకి చూస్తూ నవ్వు ఆపుకుంది. ఉద్యోగం ఇచ్చారు. దాని కింద.

ఏప్రిల్ 3

మొదటి రోజు. కిటికీ పక్క కుర్చీ నాకు వదిలేసింది. సంతోషమనిపించింది, థాంక్స్ చెప్పాను. మనస్ఫూర్తిగానే.

నూటికి తొంభై తొమ్మిది వంతులు.