అల్లుడుగారు పంపిన బూట్లు

ఆదివారం, జూలై పంతొమ్మిది

చిరంజీవి అల్లుడుగారికి,

మీ అత్తగారు దీవించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం, మీ కూతురి కుడికాలు తప్ప. అక్కడ మీరు, మీ కంపెనీ, మీ కంపెనీ టైర్లు కూడా క్షేమంగా ఉన్నాయని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకుంటారు. నవ్వుకోండి. ఫోనులో మీతో మాట్లాడటం నా వల్ల కావడం లేదు. నేను నోరు తెరిచేసరికి మీటింగులో ఉన్నానత్తయ్యా అంటారు. మీటింగయ్యాక బండి నడుపుతున్నానంటారు. బండి దిగాక సిగ్నల్ లేదంటారు. కాగితానికి సిగ్నలక్కర్లేదు కాబట్టి కాగితం పట్టుకున్నాను.

విషయం మీ కూతురి బూట్లు. ఇంత చిన్న విషయానికి ఇంత ఉత్తరమా అనిపిస్తే, రెండు నంబర్లు చిన్నవి తెచ్చి మీరు తొడుక్కుని ఒక్క పూట మీ గోడౌనంతా తిరిగి రండి. ఆ తరవాత మిగతాది చదవండి.

మొన్న బుధవారం బడి నుంచి ఫోనొచ్చింది. మీ పాప కుంటుతోంది, ఆటలకి వెళ్ళకుండా గోడకానుకుని నిలబడింది, ఏమైందంటే ఏం లేదంటోంది, వచ్చి తీసుకెళ్ళండి అని టీచరు చెప్పింది. మా అమ్మాయి ల్యాబులో డ్యూటీలో ఉంది. బుడంకాయని చంకనేసుకుని నేనే వెళ్ళాను. పిచ్చుక ఆఫీసు గది ముందు బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏమీ జరగనట్టు లేచి గబగబా నడవబోయింది. రెండడుగులేసి పళ్ళు బిగబట్టింది.

పిచ్చుక, బుడంకాయ అని పేర్లు పెట్టి ముద్దు చేసింది మీరే. పేర్లు పెట్టడంలో మీకు సాటి లేరు. పెట్టాక ఆ పిల్లల కాళ్ళెంతున్నాయో చూసుకోవడం మాత్రం అత్తగారి పని.

ఇంటికి తెచ్చి బూటు విప్పాను. మేజోడు మడమకి అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే గాని ఊడి రాలేదు. బొటనవేలి గోరు నల్లబడింది. చిటికెనవేలు పక్కవేలి కిందికి దూరి, అక్కడే స్థిరపడినట్టు ముడుచుకుని ఉంది. ఎన్నాళ్ళ నుంచే ఈ నొప్పి అంటే, నొప్పేం లేదమ్మమ్మా అంది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని నొప్పి లేదంటోంది ఏడేళ్ళ పిల్ల.

ఆ సాయంత్రమే మీకు ఫోను చేశాను. మీరేమన్నారో మీకు గుర్తుండదు, నాకుంది. కొత్తవి కదత్తయ్యా, వేసుకోగా వేసుకోగా సాగుతాయి అన్నారు. ఏవి సాగుతాయండీ? ఆ బూట్ల తోలు చూశారా, గోడకి కొడితే గోడ పగులుతుంది. అది సాగేలోపల పిల్ల వేళ్ళు కుంచించుకుపోతాయి. వాటి ఎముకలింకా లేతవి, ఎటు నొక్కితే అటే ఒంగుతాయి. మీ అమ్మాయి పెద్దయ్యాక కాళ్ళెందుకిలా ఉన్నాయని అడిగితే, మా నాన్న సాగుతాయన్నాడు అని చెప్పుకోవాలి కాబోలు.

లారీని దూరం నుంచి చూసి దానికి ఏ టైరు పడుతుందో చెప్పేస్తారట మీరు. మా అమ్మాయి చుట్టుపక్కల వాళ్ళందరికీ గొప్పగా చెబుతుంటుంది. లారీ టైరు తెలిసిన మనిషికి కన్నకూతురి కాలు తెలియదా? ఆ పిల్లకి కూడా కింద రెండు చక్రాలుంటే ఈపాటికి సరైన నంబరు వచ్చేదేమో.

ఇది మొదటిసారా అంటే అదీ కాదు. కిందటేడు బడి మొదలయ్యేటప్పుడు, బస్టాండు వెనక సందులో చవగ్గా మంచివి దొరుకుతాయి, నేను తీసుకెళ్తానన్నాను. మీరు మొహం చిట్లించారు. ఆ సందు సరుకు నా పిల్లలకొద్దత్తయ్యా, వాళ్ళ బూట్లు నేనే కొంటాను, మీరు కల్పించుకోకండి అన్నారు. సరే, తండ్రిగారి సరదా కదా అని ఊరుకున్నాను. ముందు చెప్పులొచ్చాయి. పెద్ద అద్దాల దుకాణం పెట్టె, లోపల పట్టులాంటి కాగితం, వాసన కూడా బాగుంది. పిల్ల మడమ మాత్రం బయటికి వేలాడింది. మీరొక శనివారం వచ్చి వాటిని తీసుకెళ్ళి, పై శనివారం మార్చి తెచ్చారు. తరవాత ఆటలకి తెల్లబూట్లు పంపారు. నడిస్తే మడమ దగ్గర లైట్లు వెలుగుతాయి. అవేమో పడవల్లా ఉన్నాయి. పిల్ల అడుగేస్తే కాలు ముందుకెళ్ళేది, బూటు ఉన్నచోటే ఉండి లైటు వెలిగించుకునేది. మళ్ళీ ఒక శనివారం వచ్చి తీసుకెళ్ళారు, మళ్ళీ ఒక శనివారం తెచ్చారు. ఇప్పుడివి మూడోవి, నల్లవి, బడికి. ఈసారి వచ్చి తీసుకెళ్ళడానికి కూడా మీకు తీరిక లేకపోయింది. ఆడిటట.

ఉద్యోగానికి ఆ ఊరు వెళ్ళిన మొదట్లో ప్రతి శనివారం వచ్చేవారు. ఆ తరవాత నెలకోసారన్నారు. ఇప్పుడు నెల అంటే ఎంతో మీ కంపెనీ వాళ్ళే నిర్ణయిస్తున్నారు. అది మీరూ మీ ఆవిడా చూసుకోండి, నేను కల్పించుకోను. నాది కాళ్ళ గోల.

బుధవారం నేను గట్టిగా అడిగేసరికి మీరు ఇంకో మాటన్నారు. అది విన్నప్పటి నుంచి నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. నాదేముందత్తయ్యా, నేను పిచ్చుకనే అడిగాను, అదే పాత బూటు అడుగున చూసి నంబరు చెప్పింది అన్నారు. ఎంత సిగ్గులేని మాట! నలభై ఏళ్ళ మగమనిషి, చేతికింద పదిమంది పనివాళ్ళున్నవాడు, దొరికిపోగానే ఏడేళ్ళ పిల్ల మీదికి తోసేస్తారా? అది మొన్న మొన్నటిదాకా తొమ్మిదిని తిప్పి రాసిన పిల్ల. నిజంగానే దాన్నడిగారనుకుందాం. అడిగి బూట్లు కొనే తండ్రి ఎవరైనా ఉంటాడా? నేను ఇంట్లోనే ఉన్నాను. మీ ఆవిడ ఇంట్లోనే ఉంది. మమ్మల్ని అడిగితే మీ పరువేమైనా పోతుందా?

మీ ఆవిడ కూడా తక్కువ తినలేదు. నేనిలా అంటుంటే, ఆయన ప్రేమగా కొన్నారమ్మా, పోనీలే అంటుంది. ప్రేమగా కొంటే కాలు పట్టేస్తుందా? రోజంతా సూదులు పట్టుకుని ఊళ్ళో వాళ్ళ రక్తం పరీక్ష చేస్తుంది, ఇంట్లో కూతురి మేజోడుకంటిన రక్తం కనబడదు. మీరిద్దరూ ఒకరికొకరు బాగానే సరిపోయారు. ఈ ఇంట్లో నంబరు కుదిరింది అదొక్కటే.

ఇక నిన్న నేనే వాళ్ళిద్దరినీ ఆ సందుకి తీసుకెళ్ళాను. మీరు మొహం చిట్లించిన సందే. సాయంత్రం వెళ్ళాను, ఎందుకంటే పగలంతా తిరిగాక కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున సరిపోయినవి సాయంత్రం బిగుస్తాయి. ఇది తెలుసుకోవడానికి టైర్ల కంపెనీలో పని చేయనక్కర్లేదు. కాలికి కట్టు కట్టి, పైన మందపాటి మేజోడు వేసి, ఆటోలో తీసుకెళ్ళాను.

ఆ దుకాణం వాడు కూడా మహానుభావుడేం కాదు. గొణుగుతూనే ఉంటాడు. ముందు రెండు నంబర్లు పెద్దవి తీసి, ఇవైతే వచ్చే ఏడాదికి కూడా వస్తాయమ్మా అన్నాడు. వచ్చే ఏడాది బడికి వచ్చే ఏడాది బూట్లు కొంటాం, నువ్వు ఈ ఏడాదివి తియ్యి అన్నాను. బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కి, బ్రహ్మాండం అన్నాడు. వేలితో నొక్కితే బూటు సంగతి తెలుస్తుంది గాని కాలి సంగతేం తెలుస్తుంది? లోపల పిల్ల వేళ్ళు ముడుచుకుని కూర్చుందో ఏమో! అట్టముక్క ఒకటి అడిగి తీసుకుని, పిల్లని దాని మీద నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీశాను. కట్టు తీసేసి చూసినా ఎడమకాలి కంటే కుడికాలు కాస్త పెద్దది. ఇది మీకు తెలుసా? మీకెక్కడ తెలుస్తుంది! పెద్దకాలిని బట్టి, ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండేలా చూసి, మడమ జారకుండా పట్టీ ఉన్నవి తీయించాను. అడుగుని వంచి చూశాను, వేళ్ళ దగ్గర చక్కగా ఒంగింది. మీరు పంపినవి ఎక్కడా ఒంగవు. ఆ గొణుగుడాయన గొణుగుతూనే నాలుగు జతలు దించాడు, పాపం. పిచ్చుక సందు చివరిదాకా నడిచి వచ్చింది, పరిగెత్తి వచ్చింది, మునివేళ్ళ మీద నిలబడింది. ఎక్కడా నొక్కలేదు, ఎక్కడా జారలేదు. నల్లటి మామూలు బూట్లు. లైట్లు లేవు. మీరు ఒక్క జతకి పోసిన డబ్బుతో అక్కాతమ్ముళ్ళిద్దరికీ వచ్చి, ఆటో ఖర్చు కూడా మిగిలింది.

బుడంకాయకి గుడ్డబూట్లు కొన్నాను. వాడు వాటిని ఇంతవరకూ విప్పలేదు, స్నానానికి కూడా.

మీ కూతురు మాత్రం ఏడుపు అందుకుంది. బాగున్నాయా అంటే బాగున్నాయంది. ఎక్కడైనా నొక్కుతున్నాయా అంటే లేదంది. మరెందుకే ఏడుస్తావు అంటే ఇంకా పెద్దగా ఏడ్చింది. ఇవి వద్దమ్మమ్మా, నాన్న కొన్నవే కావాలి అంటూ దుకాణం మెట్ల మీద కూలబడింది. సందులో జనమంతా నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసినట్టు చూశారు. బూట్లు కరిచాయని ఏడ్చే పిల్లల్ని చూశాను, కొనలేదని ఏడ్చేవాళ్ళని చూశాను, సరిపోయాయని ఏడ్చేదాన్ని మాత్రం ఇప్పుడే చూడటం. మీ మొండితనమంతా దిగింది. దారంతా ఆటోలో చెవులు చిల్లులు పడేలా ఏడ్చింది. నాకు విసుగొచ్చి రెండు కేకలు కూడా వేశాను.

కాబట్టి అల్లుడుగారూ, నేను చెప్పేదేమిటంటే, ఇక ముందు మీరు ఈ ఇంటికి బూట్లు పంపకండి. చెప్పులు పంపకండి. మేజోళ్ళు కూడా పంపకండి, అందులో కూడా ఏదో ఒకటి తప్పు చేస్తారు. పిల్లల కాళ్ళు మూడు నెలలకోసారి కొలిచే పూచీ నాది. మీరు మీ లారీలని చూసుకోండి. ఆ నల్లబూట్లు పెట్టెలో పెట్టి అటక మీద పడేశాను. పనికిరాని సామానంతా అక్కడే పెడతాం.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తినండి. తిననంత మాత్రాన ఆడిట్లు తొందరగా అవ్వవు.

ఇట్లు,
మీ అత్తగారు

తాజా కలం: పైదంతా మధ్యాహ్నం రాసి కవరులో పెట్టాను. సాయంత్రం పిచ్చుక మడమకి మందు రాయడానికి కూర్చున్నాను. నిన్న ఎందుకే అంత ఏడ్చావు, నేను కోప్పడనులే చెప్పు అన్నాను. అప్పుడు చెప్పింది.

మీరు దాన్ని నంబరడిగిన మాట నిజమే. పాత బూటు అడుగున ఉన్న నంబరు అది సరిగ్గానే చదివింది. చదివి మీకు వేరేది చెప్పింది. మొదటిసారి చిన్నది, రెండోసారి అనుమానం రాకుండా పెద్దది, ఈసారి మళ్ళీ చిన్నది. బూట్లు సరిపోకపోతే నాన్న రెండుసార్లొస్తాడమ్మమ్మా, తీసుకెళ్ళడానికోసారి, ఇవ్వడానికోసారి, సరిపోతే అసలు రాడు అంది.

ఈసారి అది మీకు ఫోను చేసి చిన్నవయ్యాయని చెప్పిందట కదా. ఆడిటుంది తల్లీ, కొన్నాళ్ళు వేసుకుని చూడు, అప్పటికీ నొప్పెడితే వచ్చి మారుస్తాను అన్నారట కదా. అది వేసుకుని చూసింది. నొప్పి పుట్టేదాకా వేసుకుంది, మీరొస్తారని. మీకన్నా ముందు బడివాళ్ళు నాకు ఫోను చేశారు, నేను పోయి సరిపోయే బూట్లు కొనిపెట్టాను. అందుకే నిన్నటి ఏడుపు.

తప్పు నంబరు మీది కాదు. ఒప్పుకుంటున్నాను. దాని గురించి రాసిందేదీ కొట్టెయ్యడం లేదు, ఎందుకంటే ఒక్కసారి ఆ కాలిని చేతిలోకి తీసుకుని చూసి ఉంటే ఏ పిల్లా మిమ్మల్ని మోసం చేయలేదు. నంబరుకి బదులు మనిషిని చూడనందుకు మీ మీద నాకున్న చులకన అలాగే ఉంది, కాస్త పెరిగింది కూడా.

మందు రాయడమయ్యాక, సరిపోయే బూట్లేసుకున్నా నాన్న వస్తాడా అమ్మమ్మా అని అడిగింది. శనివారం వస్తాడే అని చెప్పేశాను. మిమ్మల్ని అడక్కుండానే చెప్పాను.

ఆ పిల్లకి నేనింతవరకూ అబద్ధం చెప్పి ఎరగను.