హిల్మా అత్తయ్య చూపుడు వేలు

రెయినీ నది ఒడ్డు,
అక్టోబరు 12, 1986, ఆదివారం.

ప్రియమైన ఆర్మస్‌కి,

ఇక్కడ నేనూ, అత్తయ్యా, కుక్కా క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఓడ ఇంజనూ క్షేమమని తలుస్తున్నాను. నువ్వు పోయిన నెల రాసిన ఉత్తరం మన డబ్బాలో పడటానికి పదకొండు రోజులు పట్టింది. ఇనుప ఖనిజం మోసే మీ ఓడే దానికంటే నయం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. ఆవిరి గది పొయ్యి గొట్టం నేనే బాగుచేశాను, ఇప్పుడు పొగ రావడం లేదు. చలికాలానికి కట్టెలు సరిపోతాయి. స్కూలు వంటింట్లో నాకు వారానికి ఇంకో రోజు పని ఇచ్చారు. "అమ్మని నది రాళ్ల మీదికి పోనివ్వడం లేదుగా?" అని కింద గీత గీసి మరీ అడిగావు. పోనిస్తున్నాను. జూన్ నుంచి రోజూ నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాను. నీకిచ్చిన మాట తప్పాను. కానీ ఇప్పుడే తిట్టకు, ఉత్తరం చివరికొచ్చేసరికి ఇంకా పెద్ద కారణం దొరుకుతుంది.

శుక్రవారం సాయంత్రం డులూత్ పట్నం నుంచి మీ అన్న టౌనో దిగాడు. అక్కడి వృద్ధాశ్రమంలో గది ఖాళీ అయిందట. సోమవారంలోగా అత్తయ్య చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఆవిడ బట్టలు సర్దడానికి అట్టపెట్టెలు కూడా వెంట తెచ్చాడు. అత్తయ్య చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకుని, కాఫీ జుర్రుకుంటూ అంతా విన్నది.

"అమ్మా, ఎదురుగా ఉన్న నా మొహం కూడా నీకు ఆనడం లేదు. ఆ రాళ్ల మీద జారి పడితే ఏం గాను?" అన్నాడు టౌనో.

"నీ మొహం చూడకపోతే నాకేం నష్టంరా? నేనెప్పుడైనా కళ్లతో చేపలు పట్టానా?"

"చేపల సంగతి కాదమ్మా నేను మాట్లాడేది."

"నేను మాట్లాడేది అదే. రేపు పొద్దున్న నాతో రా. నాకంటే పెద్ద వాలై చేపని పట్టావా, నోరెత్తకుండా నీ కార్లో కూర్చుంటా. పట్టలేకపోయావా, నీ పెట్టెలు నువ్వే మోసుకుపో."

నది ఒడ్డున పుట్టినవాడు ఆ మాటకి వెనక్కి తగ్గుతాడా? "సరే. కానీ సైమా నీకు సాయం చెయ్యకూడదు," అన్నాడు నన్ను చూపించి. అత్తయ్య ఇంకో కప్పు కాఫీ అడిగింది.

మన పెళ్లయిన పదేళ్లలో నేను గాలం వేసి పట్టిందల్లా నది అడుగునే అని నువ్వు వెక్కిరిస్తావు కదా. జూన్‌లో అత్తయ్య నా చేతికి దారం చివర ఎరలా కట్టే జిగ్గు ఇచ్చింది. ఆ సీసపు తల, ఆ రబ్బరు తోక చూస్తే నాకెప్పుడూ నవ్వొచ్చేది. "తేలికైనది కట్టు. రాళ్ల మీద నడవాలి, కూలబడకూడదు," అంది. విసిరాక దారాన్ని చూపుడు వేలి మీద ఆనించుకోమంది. జిగ్గుని కాస్త ఎత్తి, దారం బిగువు పోకుండా మళ్లీ దిగనివ్వాలి. రాయి తగిలితే మొద్దుగా ఉంటుంది. వాలై నోట పెట్టుకుంటే వేలి కింద చిన్న టిక్కు, అంతే. ఒక్కోసారి టిక్కు కూడా ఉండదు, ఉన్నట్టుండి బరువు పోతుంది. మూడు వారాలు నాకేమీ తెలియలేదు. ఒకరోజు ఆవిడ నా వేలి మీద తన వేలు పెట్టి, "ఇదే! లాగు!" అని అరిచింది. లాగాను. చిన్న చేపే, అయినా ఆ రోజంతా స్కూల్లో వేసవి క్లాసుల పిల్లలకి గిన్నెల నిండా రెండోసారి వడ్డించాను.

శనివారం తెల్లవారుతుండగా ముగ్గురం దిగాం. పైన్ చెట్టు నుంచి చివరి రాయి దాకా నేను ఇదివరకే కట్టిన తాడు ఉంది. అడుగు మారాల్సిన ప్రతిచోటా దానికి ముడి ఉంటుంది. అత్తయ్య ముడులు తడుముకుంటూ తాపీగా దిగి నిలబడింది. వెనకాల కొత్త బూట్లతో వచ్చిన టౌనో రెండుసార్లు జారాడు.

"నీళ్లు ఏ రంగులో ఉన్నాయే సైమా?"

"పాలు తక్కువైన టీలాగ."

"రంగు చెప్పడం కూడా సాయమే!" అన్నాడు టౌనో.

"అయితే నువ్వు చెప్పు," అంది ఆవిడ.

ఆవిడ ఆ మడ్డి నీళ్లలో చేపకి కనబడేలా నారింజ రంగు జిగ్గు కట్టింది, ముడిని పెదాలతో తడిపి బిగించింది. నీళ్లు రాయిని ఒరుసుకునే చప్పుడు కాసేపు విని, అటు మెల్లగా విసిరింది. టౌనో బరువైన జిగ్గు కట్టి నది నడిమికి విసిరాడు. ఇరుక్కుంది. తెంపి ఇంకోటి కట్టాడు. అదీ ఇరుక్కుంది. నాలుగోది తెగిన చప్పుడు విని అత్తయ్య, "ఏరా, చేపలు పడుతున్నావా, సీసం సేద్యం చేస్తున్నావా? చేప నీ కాళ్ల దగ్గరుంటే అవతలి గట్టున కెనడాకి విసురుతావేం?" అంది. దాంతో అతను తేలికది కట్టి దగ్గర్లో వేశాడు. వెంటనే పడింది. పదిహేడు అంగుళాలు. మంచి చేప.

నా ప్రాణం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. గంట గడిచింది. ఎండ నీళ్ల మీదికి దిగుతోంది, ఇంకాసేపైతే చేపలు లోతుకి పోతాయి. చలికి ఆవిడ వేలు తెల్లబడిపోయింది, అయినా దారం మీద నుంచి తీయలేదు. ఎత్తింది, దింపింది. ఎత్తింది. మళ్లీ దింపుతూ ఆగిపోయింది. నాకేమీ కనబడలేదు, దారం కూడా కదలలేదు. ఆవిడ మణికట్టు విదిలించింది.

గాలపు కర్ర వంగి అలాగే ఉండిపోయింది. రీలు గిర్రున తిరిగింది. నేను ఒక అడుగు వేశానో లేదో, "ముట్టుకున్నావా, చేతులు విరగ్గొడతా!" అంది. చేప రాళ్ల వైపు పరిగెత్తింది, ఆవిడ కర్రని పక్కకి వాల్చి ఆపింది. మళ్లీ పరిగెత్తింది. అప్పుడు చూడాలి మీ అన్నని! వల పట్టుకుని కొత్త బూట్లతో మోకాళ్ల లోతుకి దిగిపోయి, "వదులమ్మా! దారం వదులు! నా వైపు తిప్పు! అయ్యో, తల్లీ, ఎంతుందో చూడు!" అని కేకలు. తను ఎవరి పక్షమో అతనికి గుర్తే లేదు. వల్లో ఎత్తిందీ, కొలిచిందీ అతనే. ఇరవై తొమ్మిది అంగుళాలు, ఆర్మస్! అత్తయ్య దాని వెన్ను తల నుంచి తోక దాకా నిమిరి, "గుడ్ల తల్లి. పోనీ," అని నీళ్లలో వదిలేసింది. నేను గంతులేశాను. ఎవరైనా చూసి ఉంటే నాకు నలభై ఏళ్లని నమ్మేవారు కాదు.

ఇంటికొచ్చి ఏలకుల రొట్టె కోశాను. టౌనో తడిసిన మేజోళ్లు పొయ్యి పక్కన ఆరేసి కూర్చున్నాడు. ఓడిన ఉక్రోషం అతనికి అప్పుడొచ్చింది. "నేనేదో పాపం చేసినట్టు మాట్లాడతారేం? ఏప్రిల్‌లో సైమా ఉత్తరం రాస్తేనే కదా గది కోసం తిరిగాను!" అన్నాడు.

ఆర్మస్, నీకు చెప్పకుండా దాచింది ఇదే. అవును, రాశాను. అత్తలేని కోడలుత్తమురాలన్నారు, ఆ ఉత్తమురాలిని అవుదామనుకున్నాను. చలికాలమంతా ఇంట్లో మేమిద్దరమే. రెండుసార్లు స్టవ్ ఆర్పడం మరిచిపోయింది, పరదా కాలింది, పైగా గిన్నెలు కడిగిన నీళ్లలా ఉంది నీ కాఫీ అంది. ఒకరోజు ఓపిక పోయి, "మీ అమ్మని తీసుకెళ్లండి, నావల్ల కాదు" అని రాసి పోస్టు చేశాను. జూన్ తర్వాత నా మనసు మారింది. వద్దని ఇంకో ఉత్తరం రాయడానికి మాత్రం సిగ్గేసింది. ఎలాగూ గది దొరకదులే అనుకున్నాను.

టౌనో ఆ మాట అనగానే నేను రొట్టె కత్తి బల్ల మీద పెట్టేశాను. అత్తయ్య కప్పు కింద పెట్టింది.

"నాకు తెలుసు. అది అందిన రోజే ఫోన్‌లో నువ్వే నాకు చదివి వినిపించావు కదరా," అంది టౌనోతో. "ఏప్రిల్‌లో నాతో ఎవరు వేగగలరు? నేనైనా రాసేదాన్ని."

"మరి తెలిసి కూడా..." అన్నాను.

"తెలుసు కాబట్టే రాళ్ల దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లమన్నా. రోజూ చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషిని పంపించెయ్యడం కష్టమే పిల్లా."

ఏడుపు ఆగలేదు నాకు. ఏడుస్తూనే, "బావగారూ, ఆ ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. ఈవిడ ఎక్కడికీ రాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. టౌనో లేచి వెళ్లి, గది వద్దని ఆశ్రమం వాళ్లకి ఫోన్ చేశాడు. ఆ పెట్టెల్లో నేను కట్టెపుల్లలు నింపుకున్నాను.

ఇక నువ్వొక్కడివే మిగిలావు. తిట్టాలనుంటే తిట్టు, పడతాను. కానీ ఇప్పుడు రాసినట్టే అప్పుడే నీకు రాసి ఉంటే బాగుండేది. చేతులకి నూనె రాసుకో, పగుళ్లకి మంచిది.

ఇదంతా ఇప్పుడే అత్తయ్యకి చదివి వినిపించాను. చివరి దాకా కదలకుండా వింది. "ఇరవై తొమ్మిదిన్నర. మీ బావ కంగారులో టేపు వంకరగా పట్టాడు. నేను వేళ్లతో కొలిచాను. సరిగ్గా రాయి," అంది.

ఇరవై తొమ్మిదిన్నర.

ఇట్లు,
మీ అమ్మ కోడలు, నీ భార్య
సైమా