అబూ ఘాలిబ్ పోసిన కాఫీ

అమ్మాయ్ నిబాల్,

మన మందుల షాపుల సాఫ్ట్‌వేర్‌ని లైనక్స్ కంప్యూటర్లకి కూడా చేద్దామని నువ్వంటే, ఖర్చు దండగని అందరి ముందూ నిన్ను కసిరాను. వాడి చూడమని మనమిచ్చిన ఆ నలుగురు లైనక్స్ షాపులవాళ్లు రోజూ తప్పులు పట్టి రాస్తుంటే, పోటీ కంపెనీయే రాయిస్తోందనుకున్నాను. విండోస్‌లో మనది వాడే షాపులవాళ్లెవరూ పల్లెత్తు మాట అనలేదు మరి.

నిన్న జబల్ హుస్సేన్ పేటలో, మన పాత విండోస్ ఖాతాదారు అబూ ఘాలిబ్ మందుల షాపుకి చెప్పకుండా వెళ్లాను. నన్ను చూడగానే తెరమీద ఏదో దాచేసి, మన సాఫ్ట్‌వేర్ తెరిచాడు. అనుమానమొచ్చి దగ్గరికెళ్తే, వెనకాల ఇంకో కంపెనీది నడుస్తోంది.

"మనది ఎప్పుడు మానేశావు?"

"రంజాన్‌కి ముందే. ఉన్న మందుని లేదని చూపించేది," అన్నాడు కాఫీ పోస్తూ.

"నాకొక్క మాట చెప్పొద్దా?"

"మా ఇంట్లో మన్సఫ్ విందు తిన్న మనిషివి. మొహం మీద ఎలా చెప్పను సోదరా?"

ఆ తప్పునే లైనక్స్ వాళ్లు ఎప్పుడో రాశారు. చదవకుండా పక్కన పడేశాను.

నువ్వడిగిన ఖర్చు పెట్టు. తిట్టేవాళ్లే ఇంకా మనది వాడుతున్నారు.

ఇంకొకటి. నేను కసిరిన దగ్గర్నుంచి నేనేం చెప్పినా "మీ ఇష్టం బాబాయ్" అంటున్నావు. కాఫీ కూడా అడగకుండానే తెస్తున్నావు. వేరేచోట ఉద్యోగం చూసుకున్నావా? మొహం మీద అడగలేక రాస్తున్నాను.

మీ బాబాయ్