మొదటి పేజీలో తమ్ముడు

మా ఇద్దరినీ తన పిల్లల్లా పెంచిన పిన్నికి,

ముందు కంగారు పడకు. తమ్ముడు బాగున్నాడు. వేళకు మందులు వేసుకుంటున్నాడు, విరిగిన కుర్చీలు బాగుచేస్తున్నాడు, నర్సమ్మ వంటకు వంకలు పెడుతున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు మళ్ళీ మామూలు బతుక్కి అలవాటు పడేదాకా ఉండే, నర్సమ్మ నడిపే ఆ ఇల్లు వాడికి బాగా కుదిరింది. నీ దగ్గర దాచింది వేరే ఉంది. ఆ ఇంటిని మూయించమని వీధివాళ్ళు మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు.

మా ఊరి పత్రిక దాన్ని మొదటి పేజీలో వేసింది: 'ఇళ్ళ మధ్య పిచ్చాసుపత్రి, వణుకుతున్న వీధి' అని. నా కళ్ళజోళ్ళ దుకాణంలో దగ్గరచూపు పరీక్షకు ఆ పత్రికే చేతికిస్తాను. ఒక పెద్దావిడ కొత్త అద్దాలు పెట్టుకుని ఆ ముక్క గట్టిగా చదివి, "అబ్బ, ఎంత బాగా కనబడుతోందమ్మా!" అని మురిసిపోయింది. నేను నవ్వి, లోపలికి వెళ్ళి, ఏడ్చి వచ్చాను. తమ్ముడు ఈ ఊళ్ళోనే ఉన్నాడని ఎవరికీ తెలియదు పిన్నీ. ఎవరైనా అడిగితే దూరంగా ఉద్యోగం చేస్తున్నాడని చెప్తాను.

ఆ వార్తలో వీధి అంతా మాట్లాడింది. ఆ ఇంట్లోవాళ్ళ మాట ఒక్కటీ లేదు. ఉండబట్టలేక పత్రికాఫీసుకు వెళ్ళాను. ఎడిటర్ చల్లారిన టీ ముందు పెట్టుకుని ఏదో దిద్దుతున్నాడు.

"మమ్మల్ని మెచ్చుకుంటూ రాయమని కాదండీ. మా తలుపు కూడా ఒకసారి తట్టమని," అన్నాను.

"తట్టాం. నర్సమ్మగారు మాట్లాడేదేం లేదని ఫోన్ పెట్టేశారు. ఇంకేం రాయమంటారు?"

ఆయన కలం పక్కన పెట్టి, "ఇంతకీ మీకేమవుతారమ్మా వాళ్ళు?" అని అడిగాడు.

"మా తమ్ముడు అక్కడే ఉంటాడు."

ఈ ఊళ్ళో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "ఆమెను తలుపు తీయమనండి, మా విలేకరి అమ్మాయిని పంపిస్తాను. కానీ ఒకటి. మీవాళ్ళు చెప్పింది ఎలా వేస్తానో అవతలివాళ్ళు చెప్పిందీ అలాగే వేస్తాను. తర్వాత వచ్చి పోట్లాడకూడదు."

సరేనన్నాను. నర్సమ్మను బతిమాలి ఒప్పించాను. "వాళ్ళు వచ్చి మళ్ళీ ఇష్టమొచ్చినట్టు రాస్తే నా పిల్లలకు నేనేం చెప్పుకోను?" అని ఆవిడ భయం. పిల్లలంటోంది కానీ అందులో ఒకాయనకు మనవలున్నారు!

విలేకరి అమ్మాయి వచ్చే రోజున తమ్ముణ్ణి దుకాణానికి తీసుకొచ్చేస్తాను. మిగతావాళ్ళు మాట్లాడతారు. వాడి పేరూ మొహమూ బయట పడకుండా చూసుకుంటాను. నేను చేస్తున్నది సరైనదేనా పిన్నీ? నువ్వు తిట్టినా పర్వాలేదు, రెండు ముక్కలు రాయి.

నీ పెద్దపిల్ల

* * *

పిన్నీ,

నీ జాబు చేరేలోపే అంతా తారుమారైంది. తిట్టక్కర్లేదు, తిట్టాల్సినవాడే తిట్టేశాడు.

బస్సుకు టైమవుతోంది, పద అంటే తమ్ముడు గడపలోంచి కదల్లేదు. "నా గురించి అడగడానికి మనిషొస్తుంటే నన్నెక్కడికి తీసుకెళ్తున్నావక్కా? పత్రికవాళ్ళు అడగలేదని అంత కోపం తెచ్చుకున్నావే, నువ్వు మాత్రం నన్నడిగావా?"

సంచి కింద పెట్టి కూర్చున్నాను.

విలేకరి అమ్మాయి మెల్లగా, తొందర లేకుండా అడిగింది. వాడూ అలాగే చెప్పాడు. "నాకు గొంతులు వినిపించేవి. మందులతో చాలా తగ్గాయి. ఎప్పుడైనా మళ్ళీ వినిపిస్తే నర్సమ్మకు చెప్తాను." పేరు వేయనా వద్దా అని అడిగితే, "వేయండి. ఫొటో మాత్రం నవ్వుతున్నది వేయండి, ఇప్పటికే వీధంతా నన్ను చూసి మొహం ముడుచుకుంటోంది," అన్నాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

పత్రిక రాగానే ముందు నాకు ఒళ్ళు మండింది. తమ్ముడి మాటల పక్కనే, అంతే పొడుగున, ఎదురింటి మాస్టారి మాటలున్నాయి. ఆ ఇంటి మనిషి ఒకడు వాళ్ళ గేటు తీసుకుని లోపలికి వచ్చాడట, మనవరాలు జడుసుకుని జ్వరం తెచ్చుకుందట, ఆ తర్వాత ఒక్కరూ వచ్చి ఇదీ సంగతి అని చెప్పలేదట. "చూడు, ఎలా రాశారో!" అని తమ్ముడి ముందు విసిరికొట్టాను. వాడు పూర్తిగా చదివి, "నిజమే కదక్కా. ఆ మనిషి నేనే. వచ్చిన కొత్తలో గేటు పొరబడ్డాను. ఆ పాప జడుసుకుందని నాకు తెలియదు," అన్నాడు.

అప్పటికప్పుడే చెప్పులేసుకుని బయల్దేరాడు. నేనూ నర్సమ్మా వెంట పడ్డాం. మాస్టారు గేటు తీయలేదు, అవతలే నిలబడి విన్నారు. తమ్ముడు ఇవతలి నుంచే చెప్పాడు, క్షమించమన్నాడు. ఆయన, "గేటు ఎవరైనా పొరబడతారయ్యా. ఒక్క మాట చెప్పేవాళ్ళు లేరనే నా బాధ," అన్నారు. నర్సమ్మ తలదించుకుంది.

మున్సిపాలిటీ మీటింగులో ఆయన అర్జీ మీద పెట్టిన సంతకం వెనక్కి తీసుకోలేదు. "నా భయం నాకుంది. కానీ ఒక ఏడాది చూద్దాం. ఏదైనా అయితే ఫోన్ చేయడానికి ఒక నంబరివ్వండి," అన్నారు. అదే ఖాయమైంది. ఆయన మాట పత్రికలో సరిగ్గా పడకపోయి ఉంటే తమ్ముడు ఆ గేటు దాకా వెళ్ళేవాడే కాదు. నేనైతే ఆ సగం వేయొద్దని ఎడిటర్ కాళ్ళు పట్టుకునేదాన్ని.

ఎడిటర్‌కు కృతజ్ఞత చెప్పడానికి వెళ్ళాను. వార్త చివర ఆయనే రెండు వాక్యాలు వేశారు, మొదటిసారి రాసినప్పుడు ఆ ఇంట్లోవాళ్ళ మాట లేకుండానే అచ్చు వేయడం తమ తప్పేనని. "అది రాయడానికి నాకు పొద్దంతా పట్టిందమ్మా," అన్నారు. ఆ మనిషికి చేతులెత్తి దండం పెట్టాను, మొహమాటపడి పేపర్ల వెనక దాక్కున్నారు.

దుకాణానికి వచ్చినవాళ్ళు, "ఆ అబ్బాయి మీ తమ్ముడటగా?" అంటున్నారు. అవునంటున్నాను. ఒకరిద్దరు రావడం మానేశారు. ఒకావిడ మాత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, తన కొడుకు సంగతి చెప్పుకుని, ఆ ఇంట్లో చోటు ఉంటుందా అని అడిగింది. ఆవిడ చేతులు వదలబుద్ధి కాలేదు.

నీకు ఎలా చెప్పాలో తెలియని రుణం ఒకటుంది. నువ్వు మా ఇద్దర్లో ఎవర్నీ ఎప్పుడూ దాచలేదు. వాడికి ఆ ధైర్యం నీ చేతి అన్నంలోదే.

ఈ ఆదివారం నువ్వొస్తున్నావని చెప్పాను. మా ఇంట్లో దిగుతావన్నాను. వాడు ఒప్పుకోవడం లేదు. "ముందు మా ఇంటికి రమ్మను," అంటున్నాడు. నీ కోసం ఒక కుర్చీకి కొత్తగా అల్లిక వేస్తున్నాడు.

నీ పెద్దపిల్ల, నీ చిన్నవాడికి అక్క