సల్మా ఆటకు నేను రాసిన మాట

కదిరి, 2008 ఆగస్టు, శనివారం

ఈరోజు ముదిగుబ్బ బడిలో, ఫోన్‌లో ఆడుకుంటూ లెక్కలు నేర్చుకునే ఆటలు, నేనూ నాతో పనిచేసే సల్మా చెరొకటి చేసినవి, పిల్లలకిచ్చి చూశాం. ఐదో తరగతి లక్ష్మి నా ఎక్కాల ఆటను రెండు నిమిషాల్లో పక్కన పెట్టేసింది. సల్మా చేసిన గొర్రెల ఆటను మాత్రం బడి గంట కొట్టినా వదల్లేదు.

"నాది బాగలేదా పాపా?" అని అడిగాను.

"తప్పు చెప్తే నీ ఆట కసురుతాదక్కా. ఆయక్క ఆటలో తప్పిపోయిన గొర్రెను మళ్లా ఎతుక్కోవచ్చు."

కడుపు మండిపోయింది. పిల్లల మాటలు కాగితం మీద రాసుకునే పని నాదే. సల్మా ఆట కింద 'పరవాలేదు' అని రాసి ఊరుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సల్మా, "నీ ఆటలో ఆ కసురుడొకటి తీసేస్తే శానా బాగుంటాది సుజా. రేపు ఇద్దరం కూచోని సరిచేద్దాం" అంది.

సరేనన్నాను. నా సంచిలోనే ఉన్న ఆ కాగితం చూపించమంటే, బడిలోనే మరిచానని చెప్పాను.