పొడి దుప్పటి

మాదన్నపేట,
1978, కార్తీక మాసం

భివండిల ఉన్న మా అవ్వకు నీ పెద్దబిడ్డ సక్కుబాయి కాళ్లు మొక్కి రాసేది. గీడ నేను, మీ అల్లుడు, అత్తమ్మ మంచిగున్నం. గాడ నువ్వు, చెల్లె నీలమ్మ, తమ్ముడు మల్లన్న సల్లగున్నరని తలుస్తున్న.

ఎప్పుడు కార్డు రాసేదాన్ని, గీసారి కవరు తెప్పిచ్చిన. కార్డు మీద గిసొంటి ముచ్చట రాస్తే దారి పొడుగూత అందరు చదువుతరు. దీన్ని నీలమ్మతోనే చదివిచ్చుకో, మల్లన్నతోని వద్దు.

"నీ పానం ఇంకా గట్లనే ఉందా బిడ్డా" అని అడిగినవ్ గదా. ఆ రోగం పోయిందవ్వా! మొత్తం పోయింది! కాన్పుల పిల్లగాడు ఇరుక్కొని సచ్చి పుట్టినకాడికెల్లి నాకు ఉచ్చ ఆగకుంట కారుడు నువ్వు కండ్లార చూసినవ్. గిప్పుడు ఒక్క సుక్క కారుత లేదు. పాత చీరెలు చింపి పంపుడు ఇగ బంజెయ్. నువ్వు పోయినసారి పంపిన మూట విప్పనే లేదు.

గిదంత నాగమణమ్మ పుణ్యం. మా మార్కెట్ల ఆకుకూరలు అమ్ముతది. మంది నడుమ నిలబడనీకి సిగ్గయి నేను దూరంగ ఉంటే, దగ్గరకొచ్చి చెవుల చెప్పింది. "నాకు గూడ గిదే ఉండె బిడ్డా. శాపం కాదు, పాపం కాదు. కుట్టేస్తరు, నడువు" అని పెద్ద దవఖానకు తోల్కపోయింది. డాక్టరమ్మ చూసి, "నొప్పులు మస్తు సేపు పడితే పిల్లగాని తల ఒత్తి ఉచ్చసంచికి తూటు పడింది. నీ తప్పేం లేదమ్మా" అన్నది. అవ్వా, అప్పటిదాక ఎవ్వరు అనలే ఆ మాట. గక్కడనే ఏడ్చిన.

మొదటి ఆపరేషన్ నిలువలే. నీకు రాయలే, ఆశ పెట్టి ఏడిపిచ్చుడెందుకని. "అల్లుడు ఇంకోదాన్ని తెస్తడా" అని అడిగినవ్. అత్తమ్మ ఆ లొల్లి పెట్టింది. "నాకు సక్కు ఉన్నది, చాలు" అన్నడు ఆయన. బస్సు డిపోల పనికి పోయేముందు నా బట్టలు నల్లా కాడ ఆయననే పిండేటోడు.

రెండోసారి కుట్టినంక ఉచ్చ పోనీకి గొట్టం పెట్టి పండబెట్టిండ్రు. గొట్టం తీసిన మర్నాడు పొద్దుగాల లేచి దుప్పటి తడిమిన. పొడి! మళ్ల తడిమిన. పొడి! "సిస్టరమ్మా, నా దుప్పటి చూడుండ్రి" అని ఒర్లిన. పక్క మంచాల ఆడోళ్లంత వచ్చి ముట్టి చూసిండ్రు. ఆపరేషన్ ఇంకా కాని పాలమూరు పిల్ల ఒకతి దుప్పటి చెంపకు పెట్టుకొని విడువలే.

ఇంటికొచ్చేటప్పుడు బస్సుల కిటికీ పక్కన కూసున్న. పక్కన ఎవరో ముసలామె వచ్చి కూసున్నది, ముందటోళ్ల లెక్క ముక్కు మూసుకొని లేచి పోలే! నాకు నవ్వాగలే.

గీ సంగతికి ఏడాదైంది. మళ్ల కారుతదేమోనని నీకు చెప్పలే. గిప్పుడెందుకు చెప్తున్నంటే, భయపడకు, నాకు ఐదో నెల నడుస్తున్నది.

"ఈసారి ఇంట్ల నొప్పులు పడితే కుట్లు చినుగుతయ్, ముందుగాలనే వచ్చి చేరు, కడుపు కోసి పిల్లను తీస్తం" అన్నది డాక్టరమ్మ. అత్తమ్మ నోరు కొట్టుకున్నది. "కోతనా? మంత్రసాని ఆగమ్మ లేదా?" అన్నది. ఎన్నడు ఎదురు మాట్లాడనిదాన్ని, "ఆగమ్మ మంచిదే అత్తమ్మా, గని నేను దవఖానకే పోత" అన్న. నా గొంతు నాకే కొత్తగున్నది. తెల్లారి అత్తమ్మ పొయ్యి కాడ కూసొని, "దవఖానల నీకు అన్నం ఎవరు తెస్తరే? నేనే తెస్త" అన్నది.

నువ్వు రా అవ్వా. భయం లేదని అబద్ధం చెప్ప. గని సంతోషమే ఎక్కువున్నది. నాంపల్లి స్టేషన్‌కు మీ అల్లుడొక్కడే కాదు, నేను గూడ వస్త. ఇగ దూరంగ గోడకు ఆనుకొని నిలబడ. మంది నడుమనే ఉంట, ఎతుక్కో.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
సక్కుబాయి