ఎడమచేతి సుత్తి

మార్కాపురం,
9 జూలై 1936.

చిరంజీవి తమ్ముడు గిద్యోనుకు అక్క మార్తమ్మ దీవించి రాయడమేమనగా: ప్రభువు కాపుదలలో ఇక్కడ అందరం క్షేమం. బెంగుళూరు పటాలంలో నీ ఒంటి సంగతి, ముఖ్యంగా పగిలిన ఆ కనుబొమ సంగతి, వెంటనే తెలియజేయి.

నీ జాబు నిన్న అందింది. ఈస్టరు నాటి బాక్సింగు పోటీలో ఓడిపోయినందుకు ఇంకా కుమిలిపోతున్నావు. నాయన చేయి సంగతి పోయినసారి రాశాను కదా, అది చదివి, పటాలంలో పేరు తీయించుకుని వచ్చేస్తాను, ఆయన బదులు పలకల గనిలో దిగుతాను అన్నావు. రావద్దు తమ్ముడూ. ఇక్కడ జరిగింది చెబుతాను, విను.

ఫిబ్రవరిలో రాయి జారి నాయన కుడిచేతి వేళ్లు నలిగిపోయాయి. పోటీకి ముందు నీ మనసు చెదరకూడదని ఆయనే నీకు రాయనివ్వలేదు. వానలు లేక మేకలు అప్పటికే అమ్మేశాం. అమ్మ కొర్రగంజి పలచగా కాచి మాకు పోసి, తనకు ఆకలి లేదనేది. నేను పలకలు నునుపు చేసే కూలికి కుదిరాను. అదంతా ఓర్చుకున్నాం గానీ, నాయన ఎవరితోనూ మాట్లాడకుండా మంచం పట్టడం చూడలేకపోయాం. "సుత్తి పట్టని చెయ్యి ఎందుకమ్మా, గంజి దండగ" అన్నాడొకసారి. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఈస్టరు అయిపోయాక ఒక పొద్దున తలగుడ్డ చుట్టుకుని గనికి బయల్దేరాడు. మేస్త్రీ యల్లయ్య, "శాంతన్నా, కుడిచెయ్యే పాయె, ఏం చేస్తావు?" అన్నాడట. "ఎడమది ఉండాది గదా" అన్నాడట నాయన. కుడి మణికట్టుకు ఉలిని గుడ్డతో కట్టుకుని, ఎడమచేత్తో సుత్తి పట్టాడు. మొదట్లో చీల్చిన ప్రతి రాయీ ముక్కలైపోయేది. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. సాయంత్రం మణికట్టు వాచి ఇంటికొచ్చేవాడు, తెల్లారి మళ్లీ వెళ్లేవాడు. ఇప్పుడు ఆయన చీల్చిన పలకే నా దగ్గరికి వస్తోంది, నేను నునుపు చేస్తున్నాను. పోయిన ఆదివారం జొన్నరొట్టెలు కాల్చాం. అమ్మ కూడా మాతో కూర్చుని కడుపునిండా తిన్నది.

అందుకే చెబుతున్నాను, ఆ బాక్సింగు తోలు తొడుగులు పారేయకు. వచ్చే ఏటి పోటీకి పేరు ఇయ్యి.

ఇట్లు,
నీ మేలుకోరే అక్క,
మార్తమ్మ.

తా.క.: నాయన రాయొద్దన్నాడు గానీ మనసు ఒప్పడం లేదు. ఈస్టరుకు కంభంలో చుట్టాల దగ్గరికని చెప్పి ఆయన వెళ్లింది బెంగుళూరికట. నిన్న నీ జాబు చదివి వినిపించాకే బయటపెట్టాడు. "మనిషిని మనిషి కొట్టుకునేది ఏం ఆట" అనే మనిషి, జనం వెనకాల నిలబడి, చేతిని కండువాలో దాచుకుని నీ పోటీ చూశాడు. ఆ చెయ్యి నీ కంట పడితే నువ్వు అన్నీ వదిలి వెంట వచ్చేస్తావని, పలకరించకుండానే రైలెక్కాడు.

"వాడు ఓడినాడని మీరంటాండారు. నేను చూసింది వేరేమ్మా. పడినాడు, లేచినాడు. మళ్లా పడినాడు, మళ్లా లేచినాడు. నా కొడుకు అట్ల లేస్తాంటే, నేనేంది ఇట్ల పడుండేది అనిపించింది" అన్నాడు.